తుపాకీ లైసెన్స్ అడిగితే లేదన్నారు. మామూలోడి ప్రాణానికి లెక్క లేదా?

ఎనుమాముల_అడ్తి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ రోజూ చదువుతా గాని రాసేది తక్కువ. ఈసారి కడుపు మండి రాస్తున్నా.

నాది మిర్చి, పత్తి అడ్తి (కమీషన్ వ్యాపారం). 19 ఏళ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనే. సంక్రాంతి దాటినంక ఉగాది దాకా చేతిలో రోజూ లక్షలు ఆడుతయి. కాంటాలు అయిపోయి, దడువాయిల (తూకం వేసేవాళ్ల) లెక్క, హమాలీల లెక్క తేలి, షట్టర్ దించేసరికి రాత్రి తొమ్మిది, పది. అక్కడినుంచి మా ఊరు 31 కిలోమీటర్లు. మధ్యలో ఒక చెరువు కట్ట. లైటుండదు, మనిషుండడు. పోయిన ఫిబ్రవరిలో ఆ కట్ట మీద నా స్కూటీకి అడ్డంగా బండి పెట్టి ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో ఇనుప రాడ్. వెనకనుంచి ఇసుక లారీ వచ్చింది కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నా.

మరుసటి నెలే లైసెన్స్‌కు పెట్టుకున్నా. .32 రివాల్వర్. ఫారం ఏ-1, ఫోటోలు, డాక్టర్ సర్టిఫికెట్, ఐటీ రిటర్నులు, శిక్షణ తీసుకున్న కాగితం, అన్నీ జతచేసిన. తొమ్మిది నెలలు తిప్పారు. (ఏ ఆఫీసో, ఏ జిల్లానో అడగొద్దు, రాయను.) పోయిన నెల ఒక పేజీ చేతిలో పెట్టారు. ప్రాణభయం ఉన్నట్టు తేలలేదట.

తేలాలంటే నేను చెరువులో తేలాలా?

మా దగ్గరే ఒక మాజీ నాయకుడికి ఇద్దరు గన్‌మెన్‌లు. ఆయన కూరగాయలకు పోయినా వెనక ఒకరు సంచి పట్టుకుని, ఒకరు తుపాకీ పట్టుకుని పోతారు. ఆయన ప్రాణం ప్రాణం, నాది కాదా? చెప్పండి.

పోచమ్మమైదాన్_పోరడు | 9:52
అన్నా ఫోన్‌పే వాడు. తుపాకీ ఎందుకు 😀

ఎనుమాముల_అడ్తి | 9:58
తమ్మీ, నువ్వు మార్కెట్‌కు ఎప్పుడన్నా వచ్చినవా? ఖాతాలో వేస్తే పంట రుణం కింద బ్యాంకువాళ్లు పట్టుకుంటరని రైతు భయం. "సేటూ, చేతికే ఇయ్యి" అంటడు. సీసీఐకి (సర్కారు పత్తి సంస్థకు) పత్తి అమ్మినోళ్లకు ఖాతాలో పడతయి, సరే. మిర్చి అట్ల కాదు.

కాజీపేట_ఏఆర్ | 10:25

సేటు గారూ, నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో 31 ఏళ్లు చేసి రిటైరైన. త్రీనాట్‌త్రీ మోసిన, ఎస్‌ఎల్‌ఆర్ మోసిన, ఆఖరున ఇన్సాస్. మీ బాధ అర్థమైంది. కానీ ఆ కట్ట మీద మీ దగ్గర రివాల్వర్ ఉంటే ఏం జరిగేదో ఒకసారి అనుకుందాం.

మీరు స్కూటీ మీద ఉన్నారు. రెండు చేతులూ హ్యాండిల్ మీద. చలికాలం రాత్రి, స్వెటర్ వేసుకుని ఉంటారు, దాని కింద నడుముకు రివాల్వర్. బండి ఆపాలి, కాలు కింద పెట్టాలి, స్వెటర్ ఎత్తాలి, తీయాలి, చూపాలి. రాడ్ పట్టుకున్నోడు ఎనిమిది అడుగుల దూరంలో ఉన్నడు. వాడికి రెండు అంగలు చాలు. ఆ తర్వాత డబ్బులూ వాడివే, రివాల్వరూ వాడిదే. రేపు అదే రివాల్వర్‌తో ఇంకో సేటును ఆపుతడు, అప్పుడు నంబరు చూసి మీ ఇంటికే వస్తరు.

ట్రైనింగ్‌లో మాకు మొదట నేర్పేది కాల్చడం కాదు, ఖాళీ చేయడం. ఒకసారి మా గార్డు రూములో ఒకాయన పిస్టల్ తుడుస్తున్నడు. మ్యాగజైన్ తీసి పక్కన పెట్టిండు. ఖాళీ అయిపోయిందనుకున్నడు. చాంబర్‌లో ఒక రౌండ్ ఉంది. గోడకు తగిలింది. గోడ అవతల నలుగురం అన్నం తింటున్నం. నా పళ్లెంలో సున్నం పెళ్లలు పడ్డయి. ఆయనది 14 ఏళ్ల సర్వీసు. మీకు ఎన్ని గంటల శిక్షణ?

ఎనుమాముల_అడ్తి | 10:31
అంటే 14 ఏళ్ల సర్వీసు ఉన్నోళ్లే పేల్చుకుంటే తీసేయాల్సింది వాళ్ల దగ్గర. నా దగ్గర కాదు.

పోచమ్మమైదాన్_పోరడు | 10:33
పాయింటే 😀

హన్మకొండ_ప్లీడర్ | 10:50

మిత్రులు ఆవేశంతో మాట్లాడుతున్నారు, చట్టం చూద్దాం. 1959 ఆయుధాల చట్టం, సెక్షన్ 13, సబ్ సెక్షన్ 3. రెండు భాగాలు. మొదటి భాగం: గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గని, లోపల గాడి లేని నున్నటి గొట్టం తుపాకీ (అంటే మామూలు 12 బోర్) రక్షణ కోసం గానీ ఆట కోసం గానీ పౌరుడు అడిగితే, పంట కాపలాకు మందు దట్టించే తుపాకీ అడిగితే, లైసెన్స్ ఇచ్చేవాళ్లు "ఇవ్వాలి" అని ఉంది. "ఇవ్వవచ్చు" అని లేదు. రెండో భాగం మిగతా ఆయుధాలకు. దానికి సరైన కారణం ఉందని అధికారికి తృప్తి కలగాలి.

మీరు .32 అడిగారు. అంటే మీ అంతట మీరే రెండో భాగంలోకి వెళ్లి కూర్చున్నారు. దరఖాస్తులోనే పొరపాటు. 12 బోర్ అడిగి ఉండాల్సింది.

ఎనుమాముల_అడ్తి | 10:57
సార్, 20 అంగుళాల గొట్టం స్కూటీ మీద ఎక్కడ పెట్టుకోవాలి? డిక్కీలో టిఫిన్ బాక్సే పట్టదు.

హన్మకొండ_ప్లీడర్ | 11:02
20 అంగుళాలు గొట్టం మాత్రమే. కట్టె భాగం కలిపితే ఇంకా ఎక్కువ. నేను మోసే విధానం గురించి చెప్పడం లేదు, హక్కు గురించి చెబుతున్నా.

కాజీపేట_ఏఆర్ | 11:06
ప్లీడర్ గారూ, "ఇవ్వాలి" ఒక్కటే చదివితే ఎట్లా? తర్వాతి సెక్షన్ 14 కూడా చదవండి. మనిషి తగడనుకున్నా, శాంతిభద్రతలకు మంచిది కాదనుకున్నా నిరాకరించవచ్చు.

హన్మకొండ_ప్లీడర్ | 11:15
చదివాను. 14లోనే ఇంకోటి ఉంది: దరఖాస్తుదారుకు సరిపడా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదు. ఇది మన దగ్గర ఎంతమందికి తెలుసు? తుపాకీ అంటే ఉన్నోళ్ల సొమ్మే అనుకుంటారు.

జనగామ_బిడ్డ | 11:21
ఉన్నోళ్ల సొమ్మే కదా సార్. 1946 జూలై 4న కడవెండిలో, దొర మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య మీద కాల్చింది ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. తుపాకులు గడీలో, గుత్పలు జనం చేతిలో. ఇప్పుడు గడీ పోయి గన్‌మెన్ వచ్చిండు. సేటు అడిగింది న్యాయమే.

కాజీపేట_ఏఆర్ | 11:29
కొమరయ్యను చంపింది ప్రైవేటు మనిషి చేతిలోని తుపాకీయే కదా తమ్మీ. నువ్వు నా మాటే చెప్పినవ్.

జనగామ_బిడ్డ | 11:30
లేదు సార్, మీరు తిప్పి చదువుతున్నరు.

ములుగు_రైతు | ఆదివారం ఉదయం 6:15

పొద్దున్నే పొలం దగ్గరనుంచి రాస్తున్న. మీరంతా దొంగల గురించి మాట్లాడుతున్నరు, మాకు రోజూ వచ్చే దొంగ అడవిపంది. నిన్న రాత్రి అరెకరం మక్క పడగొట్టినయి. కంకి తినేది పిడికెడు, తొక్కేది బండెడు. అటవీ శాఖ జాబితాలోని షూటర్‌తో కొట్టించుకోవచ్చు, దానికి సర్పంచ్ అనుమతి ఇస్తడు అన్నరు. మొన్న డిసెంబర్‌లో ఎన్నికలయ్యేదాకా రెండేళ్లు సర్పంచ్‌లే లేకపాయె. ఎవర్ని అడగాలె? అందుకే జనం కరెంటు తీగ పెడుతున్నరు. పంది పడితే పంది, లేకపోతే పక్క చేను మనిషి. తీగకంటే తుపాకీ నయం కదా, కనీసం చూసి కొడతరు.

ప్లీడర్ సార్ చెప్పిన మందు దట్టించే తుపాకీ మా తాత దగ్గర ఉండేది. మేము బర్మార్ అంటం. లైసెన్స్‌దే. గొట్టంలో మందు పోసి, గుడ్డపీలిక దట్టి, గుండు వేసి, మళ్లీ పీలిక. ఒక్కసారి పేల్చినంక రెండోసారికి బీడీ తాగేంత టైము పట్టేది. 1987లో ఒక రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చిండ్రు. "తాతా, తుపాకీ ఇయ్యి" అన్నరు, మర్యాదగానే. ఇచ్చిండు. పొద్దున పోలీసులు వచ్చిండ్రు. "ఎందుకు ఇచ్చినవ్?" అన్నరు, అంత మర్యాదగా కాదు. మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టిండ్రు. తుపాకీ ఉన్నందుకు రెండు దిక్కుల బాధ పడ్డది ఊర్లో ఆయన ఒక్కడే. లేనోళ్లంతా పడుకున్నరు.

అయినా నాకు ఒకటి కావాలె. పందుల కోసం.

కాజీపేట_ఏఆర్ | 7:40
ములుగు అన్నా, ఆ రోజుల్లో నేనూ అటే ఉన్న. మీ తాత లాంటి వాళ్లు చాలామంది. తుపాకీ ఉన్న ఇంటి తలుపే రెండు దిక్కులోళ్లూ కొట్టేది. ఇంకొకటి. 2000 మార్చిలో మంత్రి మాధవరెడ్డి గారి కారును ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో పేల్చిండ్రు. మంత్రి అంటే గన్‌మెన్ ఉండరా? ఏం చేయగలిగిండ్రు?

ఎనుమాముల_అడ్తి | 8:10
మందుపాతర వేరు, రాడ్ వేరు సార్. నన్ను చంపడానికి ఎవరూ మందుపాతర పెట్టరు, అంత ఖర్చు దండగ.

పరకాల_టీచర్ | 8:22
అడ్తి గారూ, ఒక్క ప్రశ్న. ఇంట్లో ఎవరినైనా అడిగారా?

డల్లాస్_భీమారం | 8:45

ఇక్కడ రాత్రి, నిద్ర పట్టక చదువుతున్నా. నేను హన్మకొండ భీమారం వాణ్ణే, టెక్సస్‌లో 12 ఏళ్లు. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లు మాకు గన్ కొనడం కుదరదు, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. గ్రీన్‌కార్డ్ వచ్చిన నెలలో కొన్నా. 4473 ఫారం నింపితే వెంటనే రికార్డులు చూశారు, పావుగంటలో చేతిలో పెట్టారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండినోళ్లు పర్మిట్ లేకుండానే వెంట పెట్టుకుని తిరగొచ్చు. నాది వేలిముద్రతో తెరుచుకునే సేఫ్‌లో ఉంటుంది, తూటాలు వేరే. నెలకోసారి రేంజ్‌కు పోతా. బాధ్యతగా ఉంటే గన్ ఒక పనిముట్టు, అంతే. మన దగ్గరే దాన్ని భూతం చేశారు.

కేయూ_గణాంకం | 9:05
2022లో అమెరికాలో తుపాకీ చావులు 48 వేల పైన. అందులో 27 వేలు ఆత్మహత్యలు. పనిముట్టు ఎక్కువగా ఎవరిమీద పనిచేస్తోందో చూడండి.

పోచమ్మమైదాన్_పోరడు | 9:11
2018 జూలైలో కన్సాస్ సిటీలో మన వరంగల్ అన్నను రెస్టారెంట్‌లో దోపిడీకి వచ్చినోడు కాల్చి చంపిండు కదా. చదువుకోను పోయినోడు. శవం వచ్చిన రోజు నాకు యాదికున్నది. ఈసారి నవ్వు బొమ్మ పెడ్తలేను.

డల్లాస్_భీమారం | 9:20
అదే నేననేది. ఆ రోజు ఆ హోటల్లో ఎవరి దగ్గరన్నా గన్ ఉండి ఉంటే...

కాజీపేట_ఏఆర్ | 9:24
ఉంది కదా బాబూ, ఒకడి దగ్గర.

డల్లాస్_భీమారం | 9:26
సార్, మీరు మాట తప్పిస్తున్నారు.

హన్మకొండ_ప్లీడర్ | 9:50
అమెరికా పోలిక ఇక్కడ పొసగదు. అక్కడ 1791 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. లైసెన్స్ లేని తుపాకుల కేసు ఒకటి విచారిస్తూ 2023లో మన సుప్రీంకోర్టే అన్నది, మన రాజ్యాంగంలో అలాంటి హక్కు లేదని. కాకపోతే ఆత్మరక్షణ హక్కు ఉంది, భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి వచ్చినవాణ్ణి ఎదిరించేటప్పుడు ప్రాణం పోయినా రక్షణ ఉంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. అందుకే 12 బోర్...

ఎనుమాముల_అడ్తి | 9:53
సార్, 12 బోర్ వదిలేయండి, మీకు దండం పెడతా.

హన్మకొండ_ప్లీడర్ | 9:58
వదలను. మీ ఇంటికి సరిపోయేది అదే. రాయపర్తిలో 2024 నవంబర్‌లో బ్యాంకులో 19 కిలోల బంగారం పోలేదా? ఇంట్లో, దుకాణంలో ఉండాల్సింది 12 బోర్.

కాజీపేట_ఏఆర్ | 10:04
రాయపర్తిలో దొంగలు అర్ధరాత్రి గ్యాస్ కట్టర్‌తో వచ్చిండ్రు. లోపల మనిషే లేడు. ఎన్ని బోర్లుంటే ఏం లాభం?

కరీంనగర్_గ్రానైట్ | 11:30

నాకు లైసెన్స్ ఉంది, తొమ్మిదేళ్లయింది. ఉన్నోడి బాధ వినండి. 2023 అక్టోబర్ 9న ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్లో డిపాజిట్ చేయమన్నరు. డిసెంబర్‌లో తెచ్చుకున్న. 2024 మార్చిలో మళ్లీ కోడ్, మళ్లీ డిపాజిట్, జూన్ దాకా. మొన్న సర్పంచ్ ఎన్నికలకు మళ్లీ. మా క్వారీ దగ్గర తగాదాలు, బెదిరింపులు ఎక్కువయ్యేదే ఎన్నికలప్పుడు. సరిగ్గా అప్పుడే తుపాకీ స్టేషన్లో ఉంటది. ఒకసారి తిరిగి ఇస్తే గొట్టంలో తుప్పు. ఏ స్టేషనో చెప్పను.

రెండోది, 2019లో చట్టం మార్చి ఒకరికి మూడు తుపాకుల బదులు రెండే అన్నరు. అదే సవరణలో పెళ్లిళ్లల్ల గాలిలోకి కాల్చినా జైలు అని పెట్టిండ్రు. ఇది మాత్రం మంచి పని. మా బామ్మర్ది బారాత్‌లో "బావా ఒక్కసారి" అని నా నడుము మీద చెయ్యి వేసిండు. అప్పటినుంచి ఫంక్షన్‌లకు తీసుకపోను.

నిజం చెప్పాల్నంటే తొమ్మిదేళ్లల్ల ఒక్కసారి కూడా బయటికి తీయలే. తుడవడానికే.

కాజీపేట_ఏఆర్ | 11:41
దేంతో తుడుస్తున్నరు? పుల్‌త్రూకు (గొట్టం తుడిచే తాడుకు) చిందీ, అంటే గుడ్డపీలిక, కట్టి నూనె పెట్టి లాగాలె, డిపాజిట్ చేసే ముందే. అప్పుడు తుప్పు పట్టదు.

కరీంనగర్_గ్రానైట్ | 11:45
కొబ్బరి నూనె సార్.

కాజీపేట_ఏఆర్ | 11:46
అయ్యో.

పరకాల_టీచర్ | మధ్యాహ్నం 12:10
అడ్తి గారూ, మళ్లీ అడుగుతున్నా. రివాల్వర్ తెస్తానంటే మీ ఇంట్లో వాళ్లు ఏమన్నారు?

ఎనుమాముల_అడ్తి | 12:30
మేడం, ఇంట్లోవాళ్ల కోసమే కదా తెస్తానంటున్నది. వాళ్లను అడిగేదేముంది? లాకర్ కొనేటప్పుడు అడిగిననా, సీసీ కెమెరా పెట్టేటప్పుడు అడిగిననా?

ఏఆర్ సార్‌కు ఒక మాట. 31 ఏళ్లు మీరు తుపాకీ పట్టుకుని తిరిగిండ్రు, జీతం తీసుకున్నరు, పింఛన్ తీసుకుంటున్నరు. మేము అడిగితే మాత్రం మాకు తెలివి లేదు, పేల్చుకుంటం, ఎత్తుకపోతరు. మీ డిపార్ట్‌మెంట్ పద్ధతే అది. జనం అంటే మీకు నమ్మకం లేదు.

కాజీపేట_ఏఆర్ | 12:48

ఇంతదూరం వచ్చింది కాబట్టి అడుగుతున్న. నేను ఇట్లాంటి ఎంక్వైరీలకు ఎన్నో పోయిన. ఫైలు అంత తేలిగ్గా పక్కన పడదు. ఊర్లో అడుగుతరు, పక్కింట్లో అడుగుతరు, స్టేషన్ రికార్డు చూస్తరు. ఐటీ కట్టే వ్యాపారి, కట్ట మీద అటకాయింపు జరిగిందని ఫిర్యాదు ఇచ్చినోడు, ఆయనకు ప్రాణభయం లేదని ఊరికే రాయరు. రిపోర్టులో ఏం వచ్చిందో చెప్పండి సేటు గారూ. మొదటి పోస్టులో రాయనిది.

ఎనుమాముల_అడ్తి | 12:55
అది మీకు అనవసరం.

కాజీపేట_ఏఆర్ | 12:56
అర్థమైంది.

జనగామ_బిడ్డ | 12:58
ఏం అర్థమైంది సార్? పోలీసు బుద్ధి పోనిచ్చుకోలేదు మీరు.

హన్మకొండ_ప్లీడర్ | 1:05
అడ్తి గారూ, నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం పూర్తి పాఠం పెడితే సెక్షన్ 18 కింద అప్పీలు గురించి చెప్పగలను. దాచి అడిగితే ప్లీడరైనా డాక్టరైనా ఏం చేస్తాడు?

ఎనుమాముల_అడ్తి | 1:40

సరే రాస్తా. దాచుకోవాల్సిందేమీ లేదు.

మా తమ్ముడికీ నాకూ మూడెకరాల తగాదా. బోరు నా వాటాలో పడింది, నీళ్లు వాడికి కావాలి. రెండేళ్ల కింద గట్టు దగ్గర మాటామాటా పెరిగింది. నేను పార ఎత్తిన మాట నిజం, కొట్టలేదు. వాడు పోయి కేసు పెట్టిండు. అది ఇంకా నడుస్తోంది. ఎంక్వైరీకి వచ్చినాయన మా తమ్ముణ్ణి కూడా అడిగిండట. "అన్నకు తుపాకీ ఇస్తే మొదలు చచ్చేది నేనే" అన్నడట. నా సొంత తమ్ముడు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన.

రాడ్ పట్టుకున్నోళ్ల గురించి ఒక్క లైను లేదు ఆ రిపోర్టులో. తమ్ముడి మాటే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇంటి తగాదా ఉన్నోడిని దొంగలు వదిలేస్తరా?

కాజీపేట_ఏఆర్ | 1:52
పార ఎత్తిన రోజు మీ నడుముకు రివాల్వర్ ఉంటే?

ఎనుమాముల_అడ్తి | 1:53
నేను అట్లాంటోణ్ణి కాదు.

కాజీపేట_ఏఆర్ | 1:54
పార ఎత్తింది ఎవరు మరి?

ములుగు_రైతు | 2:10
గట్టు దగ్గర పార ఎత్తనోడు ఊర్లో ఎవడున్నడు సార్. దానికి కూడా లెక్క రాస్తే ఎవనికీ లైసెన్స్ రాదు.

పరకాల_టీచర్ | 2:35

నేను రెండుసార్లు అడిగాను. జవాబు వచ్చింది, "అడిగేదేముంది" అని. అందుకే రాస్తున్నా, లేకపోతే రాసేదాన్ని కాదు.

మా ఇంట్లో పదకొండేళ్లు తుపాకీ ఉంది. లైసెన్స్ ఉన్నదే. కాంట్రాక్టుల పని, బెదిరింపులు నిజంగానే ఉండేవి. ఆయన తాగి వచ్చిన రోజు దాన్ని తీసి డైనింగ్ టేబుల్ మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టేవాడు. ఏమీ అనేవాడు కాదు. చెయ్యి కూడా దాని మీద ఉండేది కాదు. అన్నం వడ్డిస్తుంటే గిన్నె అంచు దానికి తగిలి చప్పుడవుతుందేమోనని నేను గరిటె అటువైపు తిప్పేదాన్ని కాదు. మా పాప హోంవర్క్ ఆ టేబుల్ మీద చేసుకోవడం మానేసింది, నేల మీద కూర్చునేది. అడిగితే "ఇక్కడ చల్లగా ఉంది" అనేది.

పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పేలలేదు. రికార్డు చూస్తే ఆయన చాలా బాధ్యత గల లైసెన్స్‌దారు. రెన్యువల్‌కు ఎంక్వైరీకి వచ్చినాయనకు నేనే టీ ఇచ్చాను. ఆయన మా ఆయన్ని అడిగాడు, పక్కింటాయన్ని అడిగాడు. కప్పు ఇచ్చేటప్పుడు నా మొహం చూడనన్నా చూడలేదు.

అందుకే అడుగుతున్నా.

ఎనుమాముల_అడ్తి | 2:50
మీ ఇంట్లో జరిగింది బాధాకరమే మేడం. కానీ మీ ఆయన తాగుబోతు అయితే ప్రపంచంలో మగోళ్లందరికీ అదే ముద్ర వేస్తే ఎట్లా? నేను మందు ముట్టను. మీ ఇంటి గొడవ తెచ్చి నా లైసెన్స్ మీద రుద్దుతున్నరు.

జనగామ_బిడ్డ | 2:54
అన్నా, మీ ఇంటి గొడవ కూడా ఇక్కడే ఉంది కదా. జర ఆలోచించి రాయి.

కరీంనగర్_గ్రానైట్ | 2:59
టీచరమ్మా, నాది రాత్రి పడుకునేటప్పుడు దిండు కిందనే పెడతా. మా ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.

పరకాల_టీచర్ | 3:01
నేనూ ఎప్పుడూ ఏమీ అనలేదండీ.

నిర్వాహకుడు | 3:10
వ్యక్తిగత దూషణలు వద్దు. అడ్తి గారి 2:50 పోస్టు తీసేద్దామనుకున్నా, మేడం ఉంచమన్నారు. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తా.

డల్లాస్_భీమారం | 3:15
అందుకే సేఫ్ అంటున్నా. సేఫ్‌లో ఉంటే టేబుల్ మీదకు రాదు.

పరకాల_టీచర్ | 3:20
మా ఇంట్లోనూ ఇనుప బీరువా ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకు.

కాజీపేట_ఏఆర్ | 4:05

మేడం, మీరు రాసింది చదివి లేచి బయటికి పోయి వచ్చిన. మేము ఎంక్వైరీకి పోయినప్పుడు ఎన్ని ఇళ్లల్ల టీ తాగిననో. ఒక్క ఇంట్లో కూడా టీ ఇచ్చినామెను అడగలే. అడగాలని ఎవరూ చెప్పలే, నాకూ తట్టలే.

సేటు గారూ, నమ్మకం లేదన్నరు కదా. నాకు నమ్మకం లేనిది జనం మీద కాదు. మా బ్యారక్‌లో నా పక్క మంచం వాడు, మంచి షూటర్. లీవ్ దొరకలే, ఇంట్లో ఏదో జరిగింది. ఆ రాత్రి డ్యూటీ తుపాకీ వాని చేతిలో ఉంది. పొద్దునకు మంచం ఖాళీ. చేతిలో లేకపోతే తెల్లారేది, లీవ్ దొరికేది, ఇప్పుడు నాలాగే మనవళ్లను స్కూలుకు దింపేటోడు. ఆ రోజునుంచి నా తుపాకీ కోత్‌లో (ఆయుధాల గదిలో) ఇచ్చిన రాత్రే నాకు బాగా నిద్రపట్టేది. ఇది ఎవరికీ చెప్పలే ఇంతవరకు.

ములుగు_రైతు | 4:20
సార్ 🙏

హన్మకొండ_ప్లీడర్ | 5:00
2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులు ఉండేవి, అందులో యూపీవే 12.77 లక్షలు. ఒక్క ఫారంలోనూ "ఇంట్లో ఉండేవారి అభిప్రాయం" అనే గడి లేదు. చట్టరీత్యా ఉండాల్సిన పని కూడా లేదు. చెబుతున్నా, అంతే.

ఎనుమాముల_అడ్తి | సోమవారం రాత్రి 10:50

మార్కెట్‌నుంచి ఇప్పుడే వచ్చిన. నిన్నటి నా మాటకు టీచరమ్మకు సారీ. ఏఆర్ సార్‌కు కూడా.

అన్నం తినేటప్పుడు మా ఆవిడను అడిగిన. రివాల్వర్ తెస్తే ఏమంటవ్ అని. చాలాసేపు ఏమీ అనలే. పెరుగు వేసింది. తర్వాత అన్నది, "తెచ్చుకో. బీరువా తాళంచెవి నా దగ్గర ఉండాలె. మార్కెట్‌కు పోయేటప్పుడు అడిగి తీసుకపో, వచ్చినంక నా చేతికియ్యి. పొలం కాడికి పోయే రోజు మాత్రం ఇయ్య."

పొలం మాట నేను ఎత్తలేదు. ఆమే అన్నది.

సరే అనాలంటే నోరు రాలే. ఎందుకు రాలేదో నాకే తెలుస్తలేదు. నా తుపాకీకి నేను అడుక్కోవాల్నా అని మనసులో అనిపించిన మాట మాత్రం నిజం. చెయ్యి కడుక్కుని వరండాలోకి వచ్చి ఇది కొడుతున్న. లోపల ఆమె గిన్నెలు సర్దుతున్నది, జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది.

ప్లీడర్ సార్, అప్పీలు కాగితాలు రేపు పంపుతా, ఈ వారం ఆగమంటే ఆగుతా. ఈ సీజన్‌కు మాత్రం ఒక పని చేస్తున్న, చీకటి పడకముందే డబ్బులు మార్కెట్ దగ్గరి బ్యాంకులో కట్టేసి, కట్ట మీద మా హమాలీ మేస్త్రితో కలిసి రెండు బండ్ల మీద వస్తున్నం. లెక్కలు పొద్దున చూసుకుంటున్నం.

పరకాల_టీచర్ | 11:15
ఆమెకు నా నమస్కారం చెప్పండి. జవాబు కూడా చెప్పండి.

కొత్తోడు_నర్సంపేట | మంగళవారం ఉదయం 9:05
అన్నలూ, థ్రెడ్ మొత్తం చదవలేదు. కోతుల కోసం ఎయిర్ గన్ కొందామనుకుంటున్న, దానికి కూడా లైసెన్స్ కావాల్నా?

హన్మకొండ_ప్లీడర్ | 9:20
.177 బోర్ దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే అక్కర్లేదు. కోతిని కొట్టడం వేరే సంగతి, అటవీ శాఖను అడుగు. ఇంట్లో కూడా అడుగు.